ఒకరు దిగాలి

పళ్ల సెట్లు చేసే ల్యాబు,
వెనక గది

లిఫ్టు తాతగారికి,

ఫోన్ ఎత్తవు. తలుపు కొడితే తీయవు. మీ బావ రెండుసార్లు వచ్చి, నీ గుమ్మం ముందు నిలబడి, పక్కింటి కుక్కతో స్నేహం చేసుకుని తిరిగొచ్చాడు. అందుకని మన సినిమా పద్ధతిలోకి దిగాను. ఉత్తరమైతే చదవక ఏం చేస్తావో చూస్తాను.

టికెట్ల మామయ్య నిన్న ల్యాబుకి వచ్చాడు. హాల్లో టికెట్లు చింపీ చింపీ వేళ్లు అరిగాయనేవాడు, ఇప్పుడు పళ్లూ అరిగాయి. అచ్చు తీయడానికి నోటి నిండా ముద్ద పెట్టినా మాట ఆపలేదు. మన అభిమాన సంఘం సమావేశం ఈ ఏడాదీ ఉందట. అదే పాత హాలు, మూడు భాగాలూ వరసగా. "దూది గడ్డం పెట్టుకుని మా తాత రాకపోతే పెళ్లికొడుకు లేని పెళ్లే కదమ్మా" అన్నాడు. పోయినసారి నువ్వు రాలేదని ఎవరూ గడ్డం పెట్టుకోలేదట. దాన్ని కుర్చీ మీద పెట్టి సినిమా చూశారట.

మొదటి భాగం చూసిన రోజు గుర్తుందా? అంతస్తులకి బదులు ఏళ్లకి వెళ్లే లిఫ్టు. మూడు నొక్కితే మూడేళ్ల వెనక్కి. దాన్ని బాగుచేసే తాత, ఆయన వెంట మనవరాలు. తలుపు తెరుచుకునే ముందు ప్రతిసారీ "తలుపు దగ్గర జాగ్రత్త, నిన్న వస్తోంది!" అని తాత కేకేసేవాడు. ఎన్నిసార్లు వెనక్కి వెళ్లినా తాత సరైన రోజున, సరిగ్గా ఎవరో ఒకరి స్నానాల గదిలో తేలేవాడు. నువ్వు కుర్చీ ఎక్కి నిలబడి "నేనూ లిఫ్టు మెకానిక్కునే అవుతా" అని అరిచావు. వెనక వరసవాళ్లు కూర్చోమని తిట్టారు. చిన్నప్పుడు అన్నమాట పెద్దయ్యాక నిలబెట్టుకున్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

మరదలు పోయి ఏడాది దాటింది. నా గుండె కూడా రాయేం కాదు. ఎక్స్‌రే గదిలో పనిచేస్తూ పనిచేస్తూ తలలో నరం చిట్లి కూలిపోయిన పిల్లని తలుచుకుంటే నాకిప్పటికీ చేతిలో అచ్చు జారిపోతుంది. కానీ నువ్వు కూడా ఆమెతో పాటే పోయినట్టు ఉండడం నేను చూడలేనురా. ఒక్కసారి బయటికి రా.

తలుపు దగ్గర జాగ్రత్త, నిన్న వస్తోంది!
అక్క

---

ఖాళీ చేసిన భవనం,
లిఫ్టు మోటారు గది

అక్కా,

పనిలోకి వెళ్తున్నాను. అది చాలనుకో.

ఈ పాత భవనం పడగొడుతున్నారు. అందరూ ఖాళీ చేసి వెళ్లిపోయారు. వెనక భాగం అప్పుడే కూల్చేశారు. లిఫ్టుని జాగ్రత్తగా విప్పి దించే పని నాకిచ్చారు. తాళాలు కూడా నా దగ్గరే.

ఇది ఏ లిఫ్టో నీకు తెలుసు. చెక్క పలకలు, ఇత్తడి పిడి, ముందొక తలుపు, వెనకొక తలుపు. అచ్చం సినిమాలో దానిలాగే ఉంటుందని నేను చెబితే నువ్వూ బావా వచ్చి ఫోటో దిగారు. తను, మీ మరదలు, నాకు మొదటిసారి కనపడింది ఇందులోనే. నేను పలక విప్పి బరువు బెల్లు చూస్తున్నాను. జనం వద్దంటున్నా వినకుండా ఎక్కేశారు. ఉన్నట్టుండి బెల్లు గుర్రుమంది. "బరువు ఎక్కువైంది, ఒకరు దిగాలి" అని సినిమాలో గొంతు కూడా వచ్చింది. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, ఒక లావుపాటాయన క్షమించమని దిగాడు, ఆయన వెనకే అందరూ దిగారు. నేను దిగలేదు. బెల్లు తీగ ఊడి నా చేతిలోనే ఉంది కదా, మోగించింది ఎవరి నోరో వెతుకుతున్నాను. మూలన తను నవ్వు ఆపుకోలేక గోడకి తిరిగి నిలబడింది.

సమావేశానికి రాలేను. లిఫ్టు గది మాత్రం విప్పాక సంఘానికి ఇచ్చేస్తాను. పిల్లలు అందులో నిలబడి ఫోటోలు దిగుతారు. మామయ్యకి చెప్పు.

తమ్ముడు

---

మా వంటగది బల్ల

ఒరేయ్ తాతా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ బావకి చదివి వినిపించాను. లావుపాటాయన దగ్గరికి వచ్చేసరికి, ఎప్పుడూ నవ్వినట్టే, పొట్ట పట్టుకుని నవ్వాడు. నువ్వు ఇంత పొడుగు ఉత్తరం రాశావంటే నాకు కడుపు నిండినట్టుంది. లిఫ్టు సంగతి చెబితే మామయ్య కొత్త పళ్లతో ఈల వేయబోయాడు, రాలేదు.

నీకొక బహుమానం పంపుతున్నాను. రెండో భాగంలో మనవరాలికి ముప్ఫై ఏళ్ల తర్వాతి తేదీతో ఉత్తరం వస్తుంది చూడు, అప్పటినుంచి మన సంఘంలో అందరం ఒకరికొకరం ముందు తేదీల ఉత్తరాలు రాసుకునేవాళ్లం కదా. నీ పెళ్లప్పుడు నీకెన్ని వచ్చాయి! ఏదో నీ మొహాన కాస్త నవ్వు చూద్దామని ఇదీ అలాగే రాశాను. విడిగా మడిచి పెట్టాను.

తలుపు దగ్గర జాగ్రత్త, నిన్న వస్తోంది!
అక్క

---

పన్నెండేళ్ల తర్వాత,
మా వంటగది

తమ్ముడికి,

బయట వాన. మరదలు కిటికీ పక్కన ఎత్తు పీట మీద కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది, రంగు వేసుకోమంటే వేసుకోదు. ఆకుపచ్చ స్వెట్టరు మోచేతుల దగ్గర చిరిగింది, అదీ మార్చదు. ఇందాక మీ బావ మూడో రొట్టె కోసం చెయ్యి చాపితే నోటితో బరువు బెల్లు మోగించింది. ఆయన ఉలిక్కిపడి నవ్వితే పళ్ల సెట్టు జారి టీలో పడింది. నేను చేసిన సెట్టే, నాకే అవమానం. అది చూసి మరదలు కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఇదంతా నీకు వెంటనే రాయాలనిపించి రాస్తున్నాను.

అక్క

---

లిఫ్టు మోటారు గది

అక్కా,

నిన్న గడ్డం గీసుకున్నాను. అద్దంలో ఎవడో తెలిసినవాడే అనిపించింది. వేడిగా వండుకుని తిన్నాను కూడా.

నీ ఉత్తరం జేబులోనే ఉంటోంది. ఎత్తు పీట అంటే నీలం రంగుదేనా, ఒక కాలు పొట్టిది? దాని మీదే కూర్చునేది తను. ఇంకోటి అడగాలి. ఆకుపచ్చ స్వెట్టరు తను పోవడానికి ముందు వారం కొనుక్కుంది. నువ్వు దాన్ని ఎప్పుడూ చూడలేదు. బీరువాలో మడతపెట్టి అలాగే ఉంది. నీకెలా తెలిసింది?

లిఫ్టు ఇప్పుడే విప్పను. కొన్ని చిన్న పనులున్నాయి.

తలుపు దగ్గర జాగ్రత్త, నిన్న వస్తోంది!
నీ తాత

---

ల్యాబు, వెనక గది

తాతా,

గడ్డం గీసుకున్నావని చదివి మీ బావ వీధిలోకి వెళ్లి పక్కింటివాళ్లకి కూడా చెప్పొచ్చాడు. వాళ్లకేం అర్థం కాలేదు పాపం.

స్వెట్టరు సంగతంటావా, ఆమెకి ఆకుపచ్చ అంటే ఇష్టం, అందుకని రాశాను. ఏ ఆడదానికైనా ఇంట్లో ఒక ఆకుపచ్చ స్వెట్టరు ఉంటుందిరా. పీట నీలందే. మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పీటే.

నువ్వు అడిగిన తీరు నాకు కాస్త గుబులుగా ఉంది. నేరుగానే చెబుతున్నాను. అది ఆటకి రాశాను. నువ్వు నవ్వుతావని మా వంటగది బల్ల మీదే, రొట్టె ముక్క నములుతూ రాశాను. మరదలు రాదు. ఈ మాట రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఎల్లుండి మా ఇంటికి వచ్చేయ్. నీకు ఇష్టమైనవి వండుతాను.

అక్క

---

ఐదో అంతస్తు,
లిఫ్టులో నుంచి

అక్కా,

నువ్వు కాదంటావని నాకు తెలుసు. అలా అనకపోతేనే నేను అనుమానించేవాణ్ణి. రెండో భాగంలో మనవరాలు "ఇది నువ్వే రాశావా" అని అడిగితే, ఆ ఉత్తరం రాసిన ముసలావిడ ఏమంటుంది? "ఆటకి రాశాను" అంటుంది. ఒప్పుకుంటే ఆ రేపు చెరిగిపోతుంది కాబట్టి. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా నువ్వు రాశావు. పాపం, ఎంత కష్టపడి రాశావో కదా.

ఇంకో సంగతి నీకు చెప్పాలి. నీ ఉత్తరంలో నేను లేను. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. తను ఉంది, బావ ఉన్నాడు, పళ్లు ఉన్నాయి, వాన ఉంది. నేనెక్కడున్నాను, ఏం చేస్తున్నాను, ఒక్క ముక్క లేదు. మొదట బాధపడ్డాను. తర్వాత మూడో భాగం గుర్తొచ్చింది, అప్పుడు మనసు తేలికైపోయింది.

చివర మనవరాలిని వెనక్కి తీసుకొచ్చేటప్పుడు బరువు బెల్లు మోగుతుంది. ఒకరు దిగాలి. తాత వెనక తలుపు తీసి, "దిగడానికేం తల్లీ, ఎక్కాలంటేనే మోకాళ్ల నొప్పి" అని దిగిపోతాడు. హాలంతా నవ్వుతుంది, నవ్వు మధ్యలోనే ఏడుస్తుంది. మనం ఎన్నిసార్లు ఏడ్చాం!

బెల్లుని ఒక్క మనిషి బరువుకి సరిచేశాను. నేల కింద స్విచ్చు, దాన్నుంచి పలక వెనక బెల్లుకి రెండు తీగలు. అంతే దాని యంత్రాంగం. నేనొక్కణ్ణే ఉంటే మోగదు. ఇంకొకరు ఎక్కితే మోగుతుంది. మోగిందంటే తను వచ్చిందని. అప్పుడు నేను వెనక తలుపు తీసుకుని దిగుతాను. తను ముందు తలుపు నుంచి మీ ఇంటికి వస్తుంది.

ఎవరికీ చెప్పకు. బావకి కూడా.

తాత

---

మా వంటగది బల్ల

నీకు పిచ్చి పట్టిందా?

వెనక తలుపు అవతల ఏముంది? నువ్వే రాశావు, వెనక భాగం కూల్చేశారని. అక్కడ వరండా లేదు, మెట్లు లేవు, ఐదంతస్తుల కిందిదాకా గాలి తప్ప ఏమీ లేదు. దాంట్లోకి దిగుతావా? పాత లిఫ్టుల్లో గాలి గట్టిగా వీచినా బెల్లు మోగుతుందని ఇరవైసార్లు చెప్పినవాడివి నువ్వే కదరా! కిటికీ తలుపు కొట్టుకున్నందుకు నిన్ను పోగొట్టుకోవాలా నేను?

నీ గురించి రాయలేదంటే ఎందుకు రాయలేదో వినిపించుకో. నీకే కదా రాస్తున్నాను! ఎదురుగా కూర్చున్నవాడికి వాడు ఏం చేస్తున్నాడో ఎవరైనా చెబుతారా? అంతకంటే ఏమీ లేదు. నా బుద్ధి గడ్డి తిని ఆ ఉత్తరం రాశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నా తల నేను కొట్టుకుంటున్నాను.

మీ బావకి చెప్పేశాను. పోలీసులని పిలుద్దామన్నాడు. వాళ్లొస్తే నువ్వు దూది గడ్డం లేని తాతలా నవ్వి, లిఫ్టు బాగుచేస్తున్నానంటావు. నీ చేతిలో కాగితాలూ తాళాలూ ఉన్నాయి. వాళ్లు నమస్కారం పెట్టి వెళ్తారు. తర్వాత నువ్వు మాకు తలుపు కూడా తీయవు.

వెనక పేజీ చూడు. ఇందులో నువ్వున్నావు.

అక్క

పదిహేనేళ్ల తర్వాత,
మా వంటగది

తమ్ముడు, మరదలు ఇద్దరూ వచ్చారు. తమ్ముడికి బట్టతల వచ్చింది. ఇద్దరూ పీట కోసం కొట్టుకుంటున్నారు. తమ్ముడు ఎక్కడికీ దిగలేదు. ఏ లిఫ్టూ ఎక్కలేదు. మరదలు తనంతట తనే వచ్చింది. తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. ఇక్కడే ఉన్నాడు.

---

ఐదో అంతస్తు

అక్కా,

రెండో ఉత్తరం చదివాను. నవ్వొచ్చింది, కోపం తెచ్చుకోకు. ఇది ఇవాళ రాసింది. అక్షరాలు వణికాయి. పీట ఉంది కానీ స్వెట్టరు లేదు. మొదటిది నువ్వు తీరుబడిగా, వాన చూస్తూ రాశావు. నేను నమ్మేది దాన్నే.

సమావేశం రోజున కూర్చుంటాను. అందరూ హాల్లో ఉంటారు, నవ్వుతుంటారు. ఆ సమయానికి నేను పైన ఉంటాను. ఆ రోజు మీలో ఎవరైనా ఈ భవనం దరిదాపులకి వస్తే ఇంకో రోజు పెట్టుకుంటాను, ఏ రోజో చెప్పను.

ముందు రోజు మాత్రం మీ ఇద్దరూ రండి. బెల్లు పరీక్షించాలి. దానికి రెండో మనిషి కావాలి, నేనొక్కణ్ణే చేసుకోలేను. బావ వస్తే సరిపోతుంది. నిన్నొకసారి చూసినట్టూ ఉంటుంది.

తమ్ముడు

---

ల్యాబు, వెనక గది

తాతా,

ఇవాళ నిన్ను చూశాక మనసు కుదుటపడింది. శుభ్రంగా ఉన్నావు, చొక్కాకి ఇస్త్రీ కూడా ఉంది. మీ బావ ఎక్కగానే బెల్లు మోగితే "నా పొట్టని అందరిముందూ అవమానించింది" అన్నాడు చూడు, ఇంటికొచ్చాక కూడా అదే గొణుగుడు. నువ్వు ఆయన్ని పై మోటారు గది చూపించడానికి తీసుకెళ్లినప్పుడు నేను లిఫ్టులో ఒక్కదాన్నే కూర్చున్నాను. చెక్క వాసన బాగుంది. వెనక తలుపు మాత్రం తీసి చూడలేదు.

ఇంక వాదించను. నీకు చెప్పాల్సినవన్నీ చెప్పాను. నువ్వు పెద్దవాడివి, నీ ఇష్టం. కూర్చోవాలంటే కూర్చో. తిని కూర్చో, ఖాళీ కడుపుతో వద్దు. ఈ ఉత్తరం రేపు పొద్దున్నే మీ బావ మీ ఇంటి తలుపు కింద నుంచి తోస్తాడు. భవనం దగ్గరికి రాడు, భయపడకు.

మేం హాలుకి వెళ్తున్నాం. నీ దూది గడ్డం నేను పట్టుకుంటాను.

అక్క

---

మా ఇల్లు,
కిటికీ పక్కన

అక్కా,

సినిమాలు బాగా నడిచాయా? మామయ్య కొత్త పళ్లతో ఈల వేశాడా?

నేను పొద్దున్నుంచి కూర్చున్నాను. తన స్వెట్టరు ఒళ్లో పెట్టుకున్నాను. ముందు తలుపు తీసి ఉంచాను, తను ఎక్కడానికి. వెనక తలుపు గడియ మీద చెయ్యి వేసి ఉంచాను. గాలి బాగానే వీచింది. కింద ఎక్కడో రేకు కొట్టుకుంది. ఇప్పుడు మోగుతుంది, ఇప్పుడు మోగుతుంది అనుకుంటూ కూర్చున్నాను. మధ్యలో మూడో భాగం మొదలై ఉంటుందని లెక్క వేసుకున్నాను. తాత మాట వచ్చే వేళకి నేనూ పైకే అన్నాను, మోకాళ్ల నొప్పి అని. ఎవరూ నవ్వలేదు.

బెల్లు మోగలేదు అక్కా. నేను బతికున్నాను. అంటే తను రాలేదు.

నువ్వు చెప్పింది నిజమే. అది ఆటే. స్వెట్టరు కూడా ఎవరింట్లోనైనా ఉండేదే. చీకటి పడకముందే కిందికి దిగి, మెట్ల మీదుగా ఇంటికి వచ్చాను. ఇప్పుడు నాకు ఏడుపు కూడా రావడం లేదు. ఇన్నాళ్లూ ఉన్నదేదో లోపల నుంచి ఎవరో ఎత్తుకెళ్లినట్టుంది. దాని చోట ఏమీ లేదు.

వచ్చే వారం లిఫ్టు విప్పి సంఘానికి పంపేస్తాను. తర్వాత మీ ఇంటికి వస్తాను. నీకు అడ్డం కాకపోతే కొన్నాళ్లు ఉంటాను.

తమ్ముడు

---

మా వంటగది బల్ల

నా తండ్రీ,

అడ్డమా! నువ్వు నాకు అడ్డమా! ముందు గదిలో మంచం వేశాను. మీ బావ తన పాత రేడియో కూడా అక్కడే పెట్టాడు, అది ఆయన ఎవరికీ ఇవ్వడు. హాల్లో నేను ఒక్క సినిమా కూడా చూడలేదు. గడ్డం చేతిలో పట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. అందరూ నవ్వుతుంటే నాకు చెమటలు పట్టాయి. తాత మాట వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్లిపోయాను.

నీ బాధ నేను తీర్చలేను. అది నాకు తెలుసు. ఖాళీగా ఉందన్నావు, ఉండనీ. ఖాళీగానే వచ్చి ఆ మంచం మీద పడుకో. ఏమీ మాట్లాడొద్దు, ఏ సినిమా గురించీ మాట్లాడొద్దు. మా ఇంట్లో నువ్వు పడుకుని లేస్తున్నావంటే నాకు అదే చాలు.

లిఫ్టు విప్పే పని వేరేవాళ్లకి ఇచ్చెయ్యరాదూ? నువ్వే చేయాలని ఏముంది? అది వదిలేసి రేపే వచ్చేయ్.

అక్క

---

ఐదో అంతస్తు,
లిఫ్టులో నుంచి

అక్కా,

ఇవాళ విప్పడం మొదలుపెట్టాను. ముందు పలక తీశాను.

బెల్లు తీగ ఒకటి మర నుంచి ఊడి ఉంది. దానంతట అది ఊడింది కాదు. కొస మీద గులాబీ రంగు మైనం ముద్ద ఉంది, గుండ్రంగా, వేలితో నొక్కి నున్నగా చేసినట్టు. ఆ మైనం ఎవరి సంచీలో ఉంటుందో నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. నీ పళ్ల సెట్లకి చిగుళ్లు చేసేది దానితోనే కదా. తీగ ఊడిన చోట చెయ్యి పెడితే నాకు షాకు కొడుతుందని మైనం పెట్టి మరీ వెళ్లావు. నువ్వు తప్ప ఇంకెవరూ అలా చేయరు.

కోపం లేదు. నీ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. కానీ ఆ రోజు ఏం జరిగిందో ఇప్పుడు నాకు తెలియదు. ఇంతకుముందు తెలుసు, తను రాలేదని. ఇప్పుడు అదీ లేదు.

ఒకటే ఆలోచన. తీగ ఊడిందని తెలిస్తే తను నోటితోనే మోగించేది, మొదటిరోజు మోగించినట్టు. కానీ ఊడిందని తనకెలా తెలుస్తుంది? బెల్లు మోగుతుందనుకుని నిలబడి ఉంటుంది. వీడేంటి, నేనొచ్చినా దిగడం లేదని నన్నే చూస్తూ నిలబడి ఉంటుంది. ఎంతసేపు నిలబడిందో. నేను మోగలేదు మోగలేదు అని కూర్చున్నాను. తర్వాత లేచి మెట్ల మీదుగా ఇంటికి వెళ్లిపోయాను అక్కా, తనని అక్కడే వదిలేసి.

నువ్వు జవాబు రాయకు. తను రాలేదని రాస్తే, కాదనడమే నీ వంతు కాబట్టి అలా రాశావనుకుంటాను. వచ్చిందని రాస్తే నమ్ముతాను. నీకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అని నాకు తెలుసు.

మైనం తీసేశాను. తీగ మళ్లీ కలిపాను. లోపల ఇసుక బస్తా పెట్టి పరీక్షించాను, మోగుతోంది. ఈసారి ఏ రోజు కూర్చుంటానో నీకు రాయను.

తమ్ముడు

---

మీ భవనం వీధి మెట్లు

ఒరేయ్,

జవాబు రాయొద్దన్నావు. రాయడం లేదు. కాగితం తలుపు కింద నుంచి తోస్తాను, అంతే.

పొద్దున్నుంచి ఇక్కడే కూర్చున్నాం. మీ బావ తలుపు కొట్టీ కొట్టీ చేతులు వాచాయి. ఇప్పుడు తాళాలు పగలగొట్టేవాణ్ణి తీసుకురావడానికి వెళ్లాడు. నువ్వు లోపల ఉన్నావో, ఇంటి దగ్గర ఉన్నావో తెలియదు. ఇంటి దగ్గర తలుపుకి తాళం ఉంది.

నీకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటా మిగలలేదు. ఏది రాసినా నీ సినిమాలోకే వెళ్లిపోతుంది. నిజం రాసినా అంతే, అబద్ధం రాసినా అంతే. తీగ తీసి నిన్ను కాపాడాననుకున్నాను.

వీధిలో బండ్లు వెళ్తుంటే నేను వాళ్లని ఆపమంటున్నాను. పిచ్చిదాన్నని చూస్తున్నారు. పైన బెల్లు మోగితే వినపడాలి కదా. గాలి వీస్తోంది. మోగకూడదని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఈ మాట ఎవరితో అనను గానీ, మోగితే ఆమె నిజంగా వచ్చిందేమోనని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. నాకూ ఆమె కావాలిరా.

నువ్వు లోపల ఉంటే ముందు తలుపు వైపు రా. వెనక తలుపు గడియ మీద నుంచి చెయ్యి తియ్యి.

తలుపు దగ్గర జాగ్రత్త.
అక్క